గిట్టల గడియారం

ఆ ఫోటో నాకు దరియాగంజ్ ఆదివారం సంతలో, పాత పుస్తకాల గుట్ట అడుగున దొరికింది. పోస్టుకార్డు కన్నా కాస్త పెద్దది. రంగు గోధుమకు తిరిగింది, ఒక మూల విరిగిపోయింది. ముందు కర్రల కంచె, దాని అవతల ఐదు గుర్రాలు, మీద జాకీలు, ఆ వెనక మసకమసకగా జనం. తిప్పి చూస్తే ఊరి పేరు లేదు, తేదీ లేదు, స్టూడియో ముద్ర కూడా లేదు.

అప్పుడు నేను జియా సరాయ్‌లో ఉండేవాణ్ణి. ఢిల్లీ ఐఐటీని ఆనుకుని ఉన్న ఇరుకు గల్లీల ఊరది. ఫిజిక్స్‌లో నెట్, గేట్, జామ్ పరీక్షలకు చదివే పిల్లలు, కోచింగ్ బోర్డులు, జిరాక్స్ కొట్లు. మా మేడ మెట్ల మీద తెలుగు వినపడని పూట ఉండేది కాదు. నా గదిలో సూర్యాపేట నుంచి వచ్చిన తమ్ముడొకడు ఉండేవాడు. ఫోటోను దీపం కింద పెట్టి చాలాసేపు చూశాడు.

"ఏ ఊరి రేసులన్నా ఇవి?"

"తెలియదురా."

"ఎప్పటివి?"

"అదీ తెలియదు."

"మరి ఇందులోంచి ఏం తెలుస్తదని కొన్నవ్?"

నిజానికి అప్పుడు నా దగ్గర జవాబు లేదు. బొమ్మ బాగుందని కొన్నాను, అంతే. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఊరూ పేరూ లేని పాత గుర్రప్పందెం బొమ్మను చూసి, అందులో ఉన్న భౌతికశాస్త్రం ఆధారంగా మాత్రమే ఎంత తెలుసుకోగలం?

జియా సరాయ్‌లో కూర్చుని గుర్రాల గురించి ఆలోచించడం అంత వింతేమీ కాదు. సరాయ్ అంటే బాటసారుల సత్రం. మనిషికి పడక, గుర్రానికి గడ్డి, నీళ్లు దొరికే చోటు. యూసుఫ్ సరాయ్, బేర్ సరాయ్, కట్వారియా సరాయ్, లాడో సరాయ్... దక్షిణ ఢిల్లీలో ఈ పేర్లన్నీ గుర్రమే బండిగా ఉన్న కాలపు ఆనవాళ్లు. పక్కనే ఉన్న హౌజ్ ఖాస్‌లో మెట్రో ఎక్కి ఊరివైపు వెళ్తే ఐదో స్టేషను పేరు రేస్ కోర్స్ అని ఉండేది. 2016లో రేస్ కోర్స్ రోడ్డు లోక్ కల్యాణ్ మార్గ్ అయినప్పుడు స్టేషను పేరూ మారింది. ఆ దగ్గర్లోనే ఢిల్లీ రేస్ క్లబ్బు మైదానం. నేను మొదటిసారి పరుగుగుర్రాన్ని కంచె దగ్గర నిలబడి చూసింది అక్కడే. కళ్లు పెద్దవి చేసుకుని చూశాను. గుర్రం వచ్చింది, వెళ్లింది. కాళ్లు ఏ వరసలో నేలను తాకాయని ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేవాణ్ణి.

చెప్పలేకపోవడం నా తప్పు కాదు. పందెపు గుర్రం దౌడులో ఒక అంగకు సుమారు ఆరేడు మీటర్లు దాటుతుంది. ఒక అంగకు పట్టే కాలం దాదాపు 0.4 సెకను. అంత కొద్ది వ్యవధిలో నాలుగు కాళ్లు ఒకదాని వెనక ఒకటి నేలను తాకి లేవాలి. ఒక వెనక కాలు, తర్వాత రెండో వెనక కాలు, ఆపైన ఒక ముందు కాలు, చివరికి రెండో ముందు కాలు. ఆ ఆఖరి కాలు నేలను నెట్టి వదిలాక గుర్రం కాసేపు పూర్తిగా గాలిలో ఉంటుంది. ఆ కాసేపు సెకనులో పదో వంతుకు కూడా తక్కువే. ఒక కాలిని పట్టుకుని చూడబోతే ఈలోగా మిగతా మూడూ జరిగిపోతాయి.

కంటికి అందనిది చెవికి కొంత అందింది. తారురోడ్డు మీద పెళ్లి గుర్రం దుల్కీ చాల్ నడుస్తుంటే కళ్లు మూసుకుని వినండి, రెండే దెబ్బలు: టక్, టక్. దుల్కీలో ఎదురెదురు మూలల కాళ్లు జంటగా పడతాయి. దౌడులో వినిపించేది వేరు. తకధిమి, చిన్న విరామం, మళ్లీ తకధిమి, మళ్లీ విరామం. గుర్రం గాలిలో తేలే క్షణం ఆ విరామంలోనే ఉంది. మనవాళ్లు గుర్రపు గతుల్ని ఎంత శ్రద్ధగా వేరు చేశారంటే, అమరకోశం వాటికి ధారలని పేరు పెట్టి ఐదు చెప్పింది: ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతం. ఆ విభజనలో చూపు కన్నా చెవి, స్వారీ చేసే శరీరం ఎక్కువ పనిచేశాయని నా నమ్మకం. కాకపోతే విరామం ఉందని చెవి చెప్పగలదు, ఆ విరామంలో కాళ్లు ఎలా ఉన్నాయో చెప్పలేదు.

అక్కడే చిత్రకారులు తప్పటడుగు వేశారు. పాత ఇంగ్లీషు రేసు చిత్రాల్లో గుర్రాలన్నీ ఒకే తీరు: ముందు కాళ్లు రెండూ ముందుకు, వెనక కాళ్లు రెండూ వెనక్కి బారజాపి, పొట్ట నేలకు సమాంతరంగా పెట్టి గాలిలో ఈదుతున్నట్టు ఉంటాయి. ఫ్రెంచి చిత్రకారుడు జెరికో 1821లో గీసిన ఎప్సమ్ డెర్బీ చిత్రం, ఇప్పుడు పారిస్ లూవ్ర్‌లో ఉన్నది, దీనికి అందరూ చూపించే ఉదాహరణ. ఇంగ్లండులో జార్జ్ స్టబ్స్ గుర్రాల కళేబరాలను స్వయంగా కోసి, పొర తర్వాత పొర తీసి బొమ్మలు గీసి, 1766లో అశ్వ శరీర నిర్మాణం మీద పుస్తకం వేసిన మనిషి. కండరం కండరం తెలిసిన ఆయన కూడా పరుగెత్తే గుర్రాన్ని గీయాల్సి వచ్చేసరికి అవే బారజాపిన కాళ్లు గీశాడు. లోపల ఏముందో కత్తితో తెలుసుకోవచ్చు, కాలాన్ని కోసే కత్తి ఆయన దగ్గర లేదు.

మరి ఆ భంగిమ ఎక్కడి నుంచి వచ్చింది? అది పూర్తిగా కల్పన కాదు. వేటకుక్క, చిరుతపులి నిజంగా అలా తేలతాయి. వాటి పరుగులో గాలిలో ఉండే ఘట్టాలు రెండు, కాళ్లు ముడుచుకున్నప్పుడు ఒకటి, బారజాపినప్పుడు ఇంకొకటి. గుర్రానికి మొదటిది మాత్రమే ఉంది. మన శిల్పులు ఇంకో దారి పట్టారు. శ్రీరంగం శేషరాయ మండపంలో పదహారో శతాబ్దపు రాతి గుర్రాలు పరుగెత్తవు, వెనక కాళ్ల మీద లేచి నిలబడతాయి. లేచిన గుర్రం పైన ఒక్క లిప్తకాలం ఆగుతుంది, ఆ లిప్తను కన్ను పట్టుకోగలదు. చూడగలిగిన క్షణాన్నే చెక్కారు.

పరుగు సరే, నిదానమైన నడకలో కూడా చిత్రకారులు తడబడ్డారు. హంగరీ భౌతిక శాస్త్రవేత్త గాబోర్ హోర్వాత్ బృందం 2012లో నాలుగు కాళ్ల జంతువుల బొమ్మలు వెయ్యి తీసుకుని కాళ్ల వరస సరిచూసింది. గుహల్లో గీసిన ఆదిమ మానవుల బొమ్మల్లో తప్పులు 46 శాతం. ఆ తర్వాత నుంచి పంతొమ్మిదో శతాబ్దం వరకూ వచ్చిన బొమ్మల్లో 83 శాతం పైగా. ఫోటో సాక్ష్యం వచ్చాక అది 58 శాతానికి దిగింది. ఏమీ చూడకుండా కాళ్లను ఇష్టమొచ్చినట్టు అమర్చినా 73 శాతమే తప్పవుతాయట. అంటే మధ్యకాలపు చిత్రకారులు చూడక తప్పు చేయలేదు, ఒకరి తప్పును ఇంకొకరు శ్రద్ధగా నేర్చుకున్నారు. ప్రాణం కోసం జంతువు వెంటపడిన గుహ మనిషి చూపే వాళ్లందరి కన్నా నిక్కచ్చిగా ఉంది.

ఫోటో కన్నా ముందు ఈ చిక్కును సగం విప్పినవాడు ఫ్రాన్సులో ఎతియేన్ జూల్ మారే అనే శరీరధర్మ శాస్త్రజ్ఞుడు. గిట్టల కింద గాలి నింపిన రబ్బరు బుడ్డలు కట్టి, సన్నని గొట్టాలతో వాటిని రౌతు చేతిలోని యంత్రానికి కలిపాడు. గిట్ట నేలను నొక్కినప్పుడల్లా గాలి తోసుకొచ్చి తిరిగే కాగితం మీద గీత గీసేది. పనితనం చూస్తే అది చెవి చేసే పనే, కానీ విన్నది కాగితం మీద నిలిచిపోతుంది. 1873లో ఆయన వేసిన పుస్తకం కాలిఫోర్నియాలో గుర్రాల శాల నడుపుతున్న లీలండ్ స్టాన్‌ఫర్డ్ దృష్టికి వెళ్లింది. స్టాన్‌ఫర్డ్ అప్పటికే ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ అనే ఫోటోగ్రాఫరును గుర్రం పరుగును ఫోటో తీసే పనికి పెట్టి ఉన్నాడు. గుర్రం పూర్తిగా గాలిలోకి లేస్తుందా లేదా అని పెద్ద పందెం కాశారన్న కథ లోకమంతా తిరుగుతోంది గానీ దానికి ఆధారం లేదు.

1878 జూన్ 19న పాలో ఆల్టో మైదానంలో శాలీ గార్డ్‌నర్ అనే ఆడగుర్రం పరుగెత్తింది. బాట పక్కన వరసగా 12 కెమెరాలు. బాటకు అడ్డంగా కట్టిన దారాలు గుర్రం తగిలి తెగుతుంటే ఒక్కో కెమెరా ఒక్కో బొమ్మ తీసింది. ఆ బొమ్మల అట్ట మీద మైబ్రిడ్జ్ అచ్చువేసిన వివరాలంటే నాకు బొమ్మల కన్నా ఇష్టం. గుర్రం మైలును నిమిషం 40 సెకన్లలో దాటే వేగంతో వెళ్తోంది. బొమ్మకూ బొమ్మకూ మధ్య దూరం 27 అంగుళాలు, కాలం సెకనులో సుమారు 25వ వంతు. ఒక్కో బొమ్మకు వెలుతురు తగిలిన కాలం సెకనులో 2000వ వంతు కన్నా తక్కువ.

జియా సరాయ్ గదిలో మేం చేసిన మొదటి పని ఈ లెక్క సరిచూడటం. మైలుకు 100 సెకన్లంటే సెకనుకు 16 మీటర్లు, గంటకు 58 కిలోమీటర్లు. 27 అంగుళాలంటే 69 సెంటీమీటర్లు. 69 సెంటీమీటర్లు దాటడానికి ఆ వేగంలో పట్టేది సెకనులో 23వ వంతు. మైబ్రిడ్జ్ మాట నిలబడింది. ఇంకొకటి: 2000వ వంతులో గుర్రం కదిలేది 8 మిల్లీమీటర్లు. చిటికెన వేలి మందం కూడా లేదు! అప్పటిదాకా లోకం చూసిన పరుగంతా ఆ 8 మిల్లీమీటర్లలో నిలబడిపోయింది. గుర్రం గాలిలో ఉన్న క్షణం దొరికింది. కాళ్లు బారజాపి లేవు, నాలుగూ పొట్ట కింద ముడుచుకుని ఉన్నాయి.

చాలామంది చిత్రకారులకు ఇది మింగుడుపడలేదు. శిల్పి రోదాఁ అయితే, చిత్రకారుడే నిజం చెబుతున్నాడు, ఫోటోయే అబద్ధం, ఎందుకంటే లోకంలో కాలం ఆగదు అనే అర్థంలో వాదించాడు. నాకు ఆ వాదనలో సత్తా కనిపిస్తుంది. ఫోటో కూడా నిజాన్ని మొత్తంగా ఇవ్వదు, కాలంలో ఒక ముక్కను ఇస్తుంది. కాబట్టి ఏ బొమ్మనైనా ముందు అడగాల్సింది "ఎంత ముక్క కోశావు?" అని. గుర్రం బొమ్మ ఆ ప్రశ్నకు జవాబు చెబుతుంది. చెప్పేది గిట్ట.

శరీరం దాదాపు ఒకే వేగంతో ముందుకు సాగుతోంది గానీ గిట్ట అలా సాగదు. నేలను తాకి ఉన్నంతసేపు దాని వేగం సున్నా. శరీరం దాని మీదుగా దాటిపోతుంది, గిట్ట మాత్రం పాతిన మేకులా ఉంటుంది. 0.4 సెకను అంగలో సుమారు 0.1 సెకను అలా గడుస్తుంది. మిగిలిన 0.3 సెకనులో అది ఆరున్నర మీటర్లు దాటి శరీరాన్ని అందుకోవాలి. అంటే సగటున సెకనుకు 21 మీటర్ల పైన, శరీరం కన్నా వేగంగా. అందుకే కెమెరాను కదపకుండా తీసిన పాత రేసు ఫోటోలో ఒకే గుర్రం మీద మూడు రకాల మసక ఉంటుంది. నేల మీదున్న గిట్ట కంచె గుంజలంత స్పష్టం. శరీరం కొంచెం అలుక్కుపోతుంది. ఊగే గిట్ట బాగా అలుక్కుపోతుంది. ఫోటోగ్రాఫరు గుర్రంతో పాటు కెమెరా తిప్పి ఉంటే అంతా తలకిందులు. అప్పుడు జాకీ ముఖం స్పష్టంగా వస్తుంది, కంచె గుంజలు, నేల మీది గిట్ట అలుక్కుపోతాయి.

మా ఫోటోలో గుంజలు గీత గీసినట్టున్నాయి. అంటే కెమెరా కదల్లేదు. ముందున్న గుర్రం ముక్కు నుంచి తోక దాకా 40 మిల్లీమీటర్లు. హైదరాబాదు మలక్‌పేటలోనైనా ఇంగ్లండు ఎప్సమ్‌లోనైనా గెలుపు తేడాను చెప్పే "లెంగ్త్" అంటే గుర్రం పొడవు, సుమారు 2.4 మీటర్లు. కాబట్టి ఫోటోలో మిల్లీమీటరు మైదానంలో 6 సెంటీమీటర్లు. తమ్ముడు భూతద్దం పెట్టి జాకీ టోపీ అంచు మసకను కొలిచాడు. అర మిల్లీమీటరు. మైదానంలో 3 సెంటీమీటర్లు. సెకనుకు 16 మీటర్ల వేగం అనుకుంటే 3 సెంటీమీటర్లకు పట్టేది సెకనులో సుమారు 500వ వంతు. వేగాన్ని మేం పదిశాతం తప్పుగా అనుకుని ఉంటే జవాబూ పదిశాతం తప్పుతుంది. అయినా 50వ వంతు కాదు, 5000వ వంతు కాదు.

ఒక్క టోపీ అంచులోంచి కాలం బయటికి వచ్చింది. ఆ కాలంలోంచి చరిత్ర కూడా కొంత బయటికి లాగొచ్చు. తడి కొలోడియన్ పలకల రోజుల్లో గాజుకు రసాయనం పూసి, తడి ఆరకముందే ఫోటో తీసి, తడి ఆరకముందే కడగాలి. ఆ పలకల మీద మైబ్రిడ్జ్ సాధించింది చాలావరకు నల్లని నీడబొమ్మలే, అదీ కాలిఫోర్నియా ఎండలో, తెల్లని తెర నేపథ్యంగా పెట్టి. రిచర్డ్ మాడాక్స్ 1871లో సూచించిన పొడి జెలటిన్ పలకలు 1880ల్లో దుకాణాల్లో విరివిగా దొరికాకే సామాన్య ఫోటోగ్రాఫరుకు వేగం చేతికొచ్చింది. జర్మనీలో ఒట్టోమార్ అన్‌షుట్జ్ తయారుచేసిన పరదా షట్టరు 1000వ వంతు దాకా కోయగలిగింది. కనక మా ఫోటో 1880కి ముందుది కావడం దాదాపు అసాధ్యం.

ఇంకో సాక్షి జాకీ. పంతొమ్మిదో శతాబ్దపు బొమ్మల్లో జాకీలు కుర్చీలో కూర్చున్నట్టు నిటారుగా, కాళ్లు పొడుగ్గా కిందికి వదిలి కూర్చుంటారు. 1897లో అమెరికా జాకీ టాడ్ స్లోన్ ఇంగ్లండులో దిగి, రికాబులు పైకి కట్టి, మోకాళ్లు మడిచి, గుర్రం మెడ మీదికి వంగి స్వారీ చేశాడు. చూసినవాళ్లు కోతిలా ఉందన్నారు. కొన్నేళ్లలో అందరూ అలాగే వంగారు. 1900 ప్రాంతంలో పెద్ద రేసుల సమయాలు 5 నుంచి 7 శాతం దాకా తగ్గాయి. కారణం గాలి నిరోధం తగ్గడమేనని చాలాకాలం అనుకున్నారు. లండన్ రాయల్ వెటర్నరీ కాలేజీ పరిశోధకులు 2009లో గుర్రానికీ జాకీకీ సెన్సర్లు కట్టి కొలిచారు. దౌడులో గుర్రం శరీరం ప్రతి అంగకూ కిందికీ పైకీ, ముందుకూ వెనక్కీ ఊగుతుంది. నిటారుగా కూర్చున్న జాకీని గుర్రం ప్రతిసారీ తనతో పాటు తోయాలి, ఆపాలి. వంగిన జాకీ కాళ్లు స్ప్రింగుల్లా ఆ ఊపును మింగేస్తాయి. జాకీ నేరుగా సాగిపోతాడు, గుర్రం అతని కింద ఊగుతుంది. అతని బరువును గుర్రం మోస్తుంది గానీ ఊపదు. ఆ శ్రమ జాకీ తొడల మీద పడుతుంది. ఇది తెలిశాక పాత ఫోటోల్లో జాకీల మోకాళ్లను చూడకుండా ఉండలేకపోయాను.

మా ఫోటోలో ఐదుగురూ వంగే ఉన్నారు. కాబట్టి 1900 తర్వాతిది.

నిటారు జాకీల కాలంలోనే హైదరాబాదులో గుర్రప్పందేలు ఊపందుకున్నాయి. 1868లో మౌలాలీలో మొదలై, 1886లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో మలక్‌పేటకు వచ్చాయి. సరిగ్గా ఆ దశకంలోనే లాలా దీన్‌దయాళ్ సికింద్రాబాదులో స్టూడియో పెట్టాడు. 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందోర్‌లో ప్రజాపనుల శాఖలో కొలువు చేసి, కెమెరా కోసం దాన్ని వదిలేసిన మనిషి. నిజాం ఆయన్ను ఆస్థాన ఫోటోగ్రాఫరును చేసి ముసవ్విర్ జంగ్ అనే బిరుదిచ్చాడు. వేట శిబిరాలు, సైనిక విన్యాసాలు, భవనాలు తీసి 1905లో పోయాడు. ఆయన గాజు నెగటివులు 2,800 పైచిలుకు ఇప్పుడు ఢిల్లీలోనే, ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. తడి పలకల నుంచి పొడి పలకలకు దేశం మారిన కాలమంతా ఆయన పనిచేసిన కాలమే. ఆ నెగటివుల్లో గుర్రం కనిపించిన ప్రతిచోటా ఎవరైనా ఓపికగా గిట్టల మసక కొలిస్తే, దక్కన్‌లో కెమెరా వేగం ఏడాదికేడాది ఎలా పెరిగిందో ఒక పటం గీయొచ్చు. ఆ పని జరగాలని నా కోరిక.

ఇక రేసు మైదానంలో పుట్టిన వింత బొమ్మ ఒకటుంది, ఫోటో ఫినిష్. మలక్‌పేటలో పందెం కాసినవాళ్లు ఊపిరి బిగబట్టుకుని ఎదురుచూసేది దాని కోసమే. 1937లో కాలిఫోర్నియాలోని డెల్ మార్ మైదానం తెరిచినప్పుడు లోరెంజో డెల్ రిచ్చో అనే సినిమా ఇంజనీరు చేసిన కెమెరా పెట్టారు. అందులో షట్టరు లేదు. సన్నని నిలువు చీలిక మాత్రమే ఉంది, అది గెలుపు గీతను తప్ప దేన్నీ చూడదు. చీలిక వెనక ఫిల్ము గుర్రం వేగానికి తగ్గట్టు జరుగుతూనే ఉంటుంది. ఆ బొమ్మలో ఎడమ నుంచి కుడికి ఉన్నది దూరం అనిపిస్తుంది గానీ, అది కాలం. బొమ్మలో ప్రతి నిలువు గీతా ఒకే చోటు, వేరువేరు క్షణాలు. మొదటి గుర్రం ముక్కు ఒక క్షణంలో, దాని తోక తర్వాతి క్షణంలో ఆ గీతను దాటాయి. ఫిల్ము కన్నా నెమ్మదిగా వచ్చిన గుర్రం సాగిపోతుంది, వేగంగా వచ్చినది కుదించుకుపోతుంది.

గిట్టల సంగతి ఇక్కడ చూడండి. సరిగ్గా గెలుపు గీత మీద గిట్ట ఆనితే, అది కదలకుండా ఉన్నంతసేపూ చీలిక దాన్నే చూస్తుంటుంది. బొమ్మలో అది పడవలా పొడుగ్గా సాగుతుంది. గాలిలో దూసుకెళ్లే గిట్ట పుల్లలా సన్నబడుతుంది. మామూలు ఫోటోలో అందరికన్నా నిజాయితీగా నిలబడిన గిట్ట, ఫోటో ఫినిష్‌లో అందరికన్నా వికారంగా మారుతుంది. కదలకపోవడం అదే, కాలాన్ని కోసిన తీరు మారింది.

ఇది విన్న తమ్ముడు ఫోను తీసి, తిరుగుతున్న ఫ్యానును ఫోటో తీశాడు. రెక్కలు కొడవళ్లలా వంగి వచ్చాయి. ఫోను కెమెరా బొమ్మను ఒక్కసారిగా తీయదు, వరస తర్వాత వరసగా చదువుతుంది. పై వరస చదివి కింది వరసకు వచ్చేసరికి రెక్క కొంత తిరిగిపోతుంది. డెల్ రిచ్చో చీలిక మా గది పైకప్పు కింద, వాడి అరచేతిలో ఉంది. మర్నాడు వాడు ఫ్యాను రెక్క వంపు నుంచి ఫోను ఎంత కాలంలో బొమ్మను చదువుతోందో లెక్కకట్టే సమీకరణం నోటుపుస్తకంలో రాసి చూపించాడు. ఆ సాయంత్రం నేను వాడికి చెప్పిన పాఠం కన్నా అది మేలైనది.

మైబ్రిడ్జ్ గుర్రాల కథ పంతొమ్మిదో శతాబ్దంతో ఆగలేదు. 2017లో హార్వర్డ్ శాస్త్రవేత్తలు మైబ్రిడ్జ్ తర్వాతి రోజుల్లో తీసిన ఆనీ జీ అనే గుర్రం దౌడును, ఐదు బొమ్మలుగా, బతికున్న బాక్టీరియా డీఎన్ఏలో రాసి మళ్లీ చదివారు. ఆ వార్త వచ్చిన రోజు గల్లీలోని టీ కొట్టు దగ్గర మా ఫిజిక్స్ పిల్లలంతా అదే మాట్లాడుకున్నారు.

ఆ ఏడే తమ్ముడు పరీక్ష రాసి గది ఖాళీ చేసి వెళ్లిపోయాడు. ఫోటో నా దగ్గరే ఉంది. మూడో గుర్రం కుడి ముందు గిట్ట చుట్టూ పెన్సిలుతో సన్నని సున్నా చుట్టి ఉంది. ఐదు గుర్రాల ఇరవై గిట్టల్లో మసక లేనిది అదొక్కటే. నేను గమనించనిదాన్ని వాడు గమనించాడు. కొన్నప్పుడు ఖాళీగా ఉన్న వెనక వైపు, ఊరూ తేదీ ఉండాల్సిన చోట, వాడి చేతిరాతలో మూడు ముక్కలున్నాయి: 1900 తర్వాత. కెమెరా కదల్లేదు. సెకనులో 500వ వంతు.